ఆకాశ మౌనానికి కథకులు చెప్పిన కారణాలు

1950 వేసవిలో ఒక మధ్యాహ్నం. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, తొలి అణుబాంబు రూపుదిద్దుకున్న లాస్ ఆలమోస్ ప్రయోగశాల ఆవరణలో నలుగురు భౌతిక శాస్త్రవేత్తలు భోజనానికి నడిచి వెళుతున్నారు. వారు ఎన్రికో ఫెర్మి, ఎడ్వర్డ్ టెల్లర్, ఎమిల్ కొనొపిన్‌స్కీ, హెర్బర్ట్ యార్క్. ఆ రోజుల్లో అమెరికా పత్రికల నిండా ఎగిరే పళ్లాల కథనాలే. న్యూయార్క్ నగరంలో చెత్తకుండీలు మాయమవుతున్నాయన్న వార్తను ఈ పళ్లాలతో ముడిపెట్టి 'న్యూయార్కర్' వారపత్రిక ఒక వ్యంగ్యచిత్రం వేసింది. మిత్రులు దాని గురించి నవ్వుకున్నారు. తరువాత మాటలు వేరే విషయాలకు మళ్లాయి. భోజనం మధ్యలో ఫెర్మి ఉన్నట్టుండి, అయితే వాళ్లంతా ఎక్కడున్నట్టు అన్న అర్థం వచ్చే ప్రశ్న వేశారు. ఎవరి గురించి అడుగుతున్నారో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అందరూ నవ్వారు.

ఆ నవ్వు వెనుక ఉన్న లెక్క మాత్రం నవ్వులాటది కాదు. మన పాలపుంతలో పదివేల కోట్లకు పైగా నక్షత్రాలు ఉన్నాయి. దాని అడ్డుకొలత సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో పదోవంతు వేగంతో సాగే నౌకలు ఏ ఒక్క జాతికి ఉన్నా, ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి పది లక్షల సంవత్సరాలు చాలు. దారిలో మజిలీలు చేసుకుంటూ, కొత్త స్థావరాలు ఏర్పరచుకుంటూ వెళ్లినా కొన్ని కోట్ల సంవత్సరాలకు మించదు. పాలపుంత వయస్సు వెయ్యి కోట్ల సంవత్సరాలకు పైబడినది. రాదలచుకున్నవారికి కావలసినంత వ్యవధి గడిచింది. అయినా వచ్చిన జాడ లేదు, పిలిచిన సవ్వడి లేదు.

ఫెర్మి ఈ ప్రశ్న గురించి ఏమీ రాయలేదు. 1954లో ఆయన మరణించారు. నాటి సంభాషణలో పాల్గొన్న మిగిలిన ముగ్గురి జ్ఞాపకాలను ఎరిక్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఉత్తరాల ద్వారా సేకరించి 1985లో నమోదు చేసేదాకా అది వాడుకలో నలిగిన ముచ్చటగానే ఉండిపోయింది. శాస్త్ర పత్రికలు ఈ సమస్యను గట్టిగా చర్చకు తీసుకున్నది 1970 దశకంలోనే. అప్పటికే కథకులు దీనికి ఎన్నో సమాధానాలు చెప్పి ఉన్నారు. విజ్ఞాన కాల్పనిక సాహిత్యాన్ని కాలక్షేపపు సరుకుగా చూసే అలవాటు మనలో ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఈ ఒక్క విషయంలో కథ శాస్త్రానికి ముందు నడిచింది. ఆ సమాధానాలను వరుసగా పరిశీలిస్తే మరొక సంగతి కూడా బోధపడుతుంది. ఆకాశం ఎందుకు మౌనంగా ఉన్నదో చెప్పబూనిన ప్రతి తరమూ, తనకన్నా బలవంతుడైన అపరిచితుడితో తన జాతికి కలిగిన అనుభవాన్నే అందులో నమోదు చేసింది.

సంరక్షకుల చాటున

ప్రశ్నకన్నా ముందు భయం పుట్టింది. 1898లో గ్రంథంగా వెలువడిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో హెచ్.జి. వెల్స్ అంగారక గ్రహవాసులను ఇంగ్లండు మీదికి దండయాత్రకు పంపారు. తొలి అధ్యాయంలోనే ఆయన టాస్మేనియా ద్వీపవాసులకు యూరోపియన్ వలసదారుల చేతిలో పట్టిన గతిని గుర్తు చేస్తారు. మనం ఇతరులకు చేసినదే మనకు జరిగితే ఎలా ఉంటుందన్నది ఆ నవలకు మూలమైన ప్రశ్న. సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు దాని రాజధానిలోనే పుట్టిన అపరాధ భావన అది.

బలవంతులు వస్తే వినాశనం తప్పదనుకున్నప్పుడు, వారు రాకపోవడం ఒక అనుగ్రహంగా కనిపించడం సహజం. రష్యాలోని కలూగా పట్టణంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ రాకెట్ సిద్ధాంతానికి పునాదులు వేసిన కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1933లో ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నారు. విశ్వం నిండా జీవులున్నారని ఆయన దృఢంగా నమ్మారు. మరి వారు ఎందుకు రాలేదంటే, మానవజాతి ఇంకా ఆ సమావేశానికి సిద్ధం కాలేదని, తగిన కాలం వచ్చేదాకా భూమిని దాని మానాన వదిలిపెట్టారని ఆయన భావన.

1937లో ఇంగ్లండు రచయిత ఓలాఫ్ స్టేపుల్డన్ తన 'స్టార్ మేకర్' గ్రంథంలో ఈ ఊహకు మరింత సూక్ష్మమైన రూపం ఇచ్చారు. అందులో పరిణతి చెందిన జాతులు ఎదుగుతున్న లోకాలను చాటుగా గమనిస్తాయి గాని తమ ఉనికిని తెలియనీయవు. తెలిస్తే ఆ పసిలోకాలు తమ బుద్ధి మీద తామే నమ్మకం కోల్పోతాయన్నది వాటి భయం. భారతీయ పాఠకుడికి ఇక్కడ ఒక క్షణం ఆగాలనిపిస్తుంది. మీరు స్వపరిపాలనకు ఇంకా పరిపక్వులు కాలేదన్న మాటను మన పూర్వులు ఆ దశాబ్దాలలోనే వింటూ ఉన్నారు. సియోల్కోవ్‌స్కీ సంరక్షకులలో ఆ పెద్దరికపు స్వరం కొంత వినిపిస్తుంది. స్టేపుల్డన్ దానిని తిరగవేశారు. నిజంగా శ్రేయస్సు కోరేవాడు పాలించడానికి రాడు, తన నీడ కూడా పడనివ్వడు అన్నారు. సామ్రాజ్యం మధ్య కూర్చుని ఒక ఆంగ్ల రచయిత ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

ఈ ఆలోచనకే 1973లో జాన్ బాల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 'జంతుప్రదర్శనశాల పరికల్పన' అని పేరు పెట్టి శాస్త్ర పత్రికలో ప్రతిపాదించారు. అంతకు ముందే 1960లలో 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహికలో వెనుకబడిన లోకాల విషయంలో జోక్యం చేసుకోరాదన్న నియమం ప్రేక్షకులకు పరిచయమైంది. ఆర్థర్ సి. క్లార్క్ 1948లో రాయగా 1951లో అచ్చయిన 'ది సెంటినెల్' కథలో సంరక్షకుల స్థానాన్ని ఒక యంత్రం ఆక్రమిస్తుంది. కోట్ల సంవత్సరాల క్రితం ఎవరో చంద్రుడి మీద ఒక స్ఫటికాకారపు నిర్మాణాన్ని ఉంచి వెళ్లారు. మానవుడు చంద్రుణ్ణి చేరి దానిని ఛేదించినప్పుడే దాని యజమానులకు కబురు అందుతుంది. భూమి దాటి రాలేనివారితో వారికి పని లేదు. మౌనం ఇక్కడ ఒక ప్రవేశ పరీక్ష. తరువాత 1968లో వెలువడిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చలనచిత్రానికి ఈ కథే బీజం. 1956 నుంచి శ్రీలంకలో స్థిరపడిన క్లార్క్ 2008లో కొలంబోలోనే కన్నుమూశారు.

బాంబు నీడ

ఫెర్మి ప్రశ్న పుట్టిన చోటే అణుబాంబు పుట్టిందన్న సంగతి మరువరానిది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలు బూడిదైన తరువాత, నాగరికతలు తమ ఆయుధాలతో తామే నశిస్తాయన్న ఊహ వేరెవరో కల్పించి చెప్పవలసినది కాకపోయింది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ దగ్గర 26 మీటర్ల రేడియో దూరదర్శినిని టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పి విన్నారు. ఏమీ వినిపించలేదు. మరుసటి సంవత్సరం ఆయన రూపొందించిన ప్రసిద్ధ సమీకరణంలో ఏడు అంశాలు ఉన్నాయి. చివరిది, సంకేతాలు పంపగల నాగరికత ఎంతకాలం నిలుస్తుందన్నది. మిగిలినవాటిలో చాలా వరకు నక్షత్రాలకు, గ్రహాలకు, జీవపరిణామానికి సంబంధించినవి. ఈ చివరిది మాత్రం రాజనీతికి సంబంధించినది. దాని విలువ కొన్ని దశాబ్దాలే అయితే, ఏ రెండు నాగరికతలూ ఒకే కాలంలో జీవించి ఒకదానిని మరొకటి పలకరించుకునే అవకాశం దాదాపు ఉండదు.

ఈ భయానికి కథారూపం ఇచ్చినవారిలో ఫ్రెడ్ సేబర్‌హేగన్ ముఖ్యులు. 1963లో ఆయన ప్రారంభించిన 'బెర్సర్కర్' కథలలో, ఏనాడో జరిగిన యుద్ధం కోసం నిర్మించిన యంత్రాలు తమ నిర్మాతలు గతించిన తరువాత కూడా నక్షత్రం నుంచి నక్షత్రానికి తిరుగుతూ కనిపించిన ప్రాణినల్లా సంహరిస్తుంటాయి. యుద్ధం ముగిసిందని వాటికి చెప్పే నాథుడు లేడు. క్యూబా క్షిపణుల సంక్షోభం జరిగినది 1962 అక్టోబరులో. ఆదేశం లేకపోయినా ఆయుధం తన పని తాను చేసుకుపోవచ్చునన్న అనుమానం అప్పుడు ప్రపంచమంతటా ఉన్నదే.

ఇదే కాలంలో ఐజాక్ అసిమోవ్ రెండు విలక్షణమైన సమాధానాలు ఇచ్చారు. ఒకటి సాహిత్య చరిత్రకు సంబంధించినది. 1942లో మొదలైన 'ఫౌండేషన్' కథలలో పాలపుంత అంతటా మనుషులే తప్ప మరొక తెలివైన జాతి కనిపించదు. దానికి కారణం తన సంపాదకుడు జాన్ క్యాంబెల్ అని అసిమోవ్ తరువాత చెప్పుకున్నారు. గ్రహాంతరవాసులకన్నా మానవులే ఎల్లప్పుడూ శ్రేష్ఠులుగా ఉండాలని క్యాంబెల్ పట్టుబట్టేవారు. ఆ వాదన నచ్చని యువ రచయిత అసలు గ్రహాంతరవాసులే లేని పాలపుంతను సృష్టించి చిక్కు తప్పించుకున్నారు.

రెండవది 1955 నాటి 'ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ' నవల. కాలం వెలుపల నిలిచి చరిత్రను సరిదిద్దే ఒక మహాసంస్థ ఇందులో ఉంది. దానికి విభాగాలు, హోదాలు, నివేదికలు, అనుమతులు అన్నీ ఉన్నాయి. ఏ శతాబ్దంలో ప్రమాదం పొడసూపినా దానిని ముందుగానే తొలగించడం ఆ సంస్థ విధి. ప్రతి సవరణ వెనుకా సదుద్దేశమే ఉంటుంది. కానీ ప్రమాదంతో పాటు సాహసం కూడా తొలగిపోయింది. మానవజాతి చివరికి నక్షత్రాల వైపు బయలుదేరేసరికి ఇతర జాతులు అన్ని చోటులూ ఆక్రమించుకుని ఉన్నాయి. ప్రజల క్షేమం కోసం దస్త్రాలు నడిపే ప్రతివారూ ఒకసారి చదవదగిన నవల ఇది.

తెర అవతలి గొంతులు

పాశ్చాత్య రచయితలు శత్రువునో సంరక్షకుడినో ఊహిస్తున్న కాలంలో తూర్పు యూరప్ రచయితలు మరొక మార్గం తొక్కారు. అవతలివారు ఉన్నారా లేరా అన్నది కాక, ఉన్నా మనకు అర్థమవుతారా అన్నది వారి ప్రశ్న. పోలెండు రచయిత స్టానిస్వాఫ్ లెమ్ 1961లో ప్రచురించిన 'సొలారిస్' నవలలో ఒక గ్రహాన్ని కప్పిన మహాసముద్రమే ఒక చేతన. దాని గురించి శాస్త్రవేత్తలు తరాల తరబడి గ్రంథాలయాలు నింపుతారు. దానితో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోతారు. 1968 నాటి 'హిజ్ మాస్టర్స్ వాయిస్'లో నక్షత్రాల నుంచి సందేశం వంటిదేదో నిజంగానే అందుతుంది. అమెరికా ప్రభుత్వం నెవాడా ఎడారిలో శాస్త్రవేత్తలను సమీకరించి దానిని చదివించబూనుతుంది. ప్రతివారికీ అందులో తమ శాస్త్రమే కనిపిస్తుంది, సైన్యానికి ఆయుధం కనిపిస్తుంది. సందేశం మాత్రం విడివడదు. వినలేనివారికి మాట కూడా మౌనమే అవుతుందని లెమ్ చెప్పినట్టయింది.

1971లో వెలువడిన 'ఎ పర్‌ఫెక్ట్ వాక్యూమ్' అనే సంపుటిలో లెమ్ మరింత సాహసించారు. లేని పుస్తకాలకు సమీక్షలు రాయడం ఆ సంపుటిలోని పద్ధతి. చివరి రచన మాత్రం ఒక కల్పిత నోబెల్ గ్రహీత చేసిన ఉపన్యాసం. అనాది నాగరికతలు భౌతిక సూత్రాలనే తమకు తగినట్టు మలచుకున్నాయని, కాంతివేగానికి హద్దు కూడా అవి కుదుర్చుకున్న నియమమేనని ఆ ఉపన్యాసకుడు వాదిస్తాడు. వారి కోసం ఆకాశమంతా వెతుకుతున్నాం గాని, మనం ప్రకృతి అని పిలుస్తున్నదే వారి చేతిపని అన్నది దాని సారాంశం.

సోవియట్ సోదర రచయితలు అర్కాదీ, బోరిస్ స్ట్రుగాత్‌స్కీలు 1972లో 'రోడ్‌సైడ్ పిక్నిక్' ప్రచురించారు. అందులో గ్రహాంతరవాసులు వచ్చారు, వెళ్లిపోయారు. వారు దిగిన చోట్ల అర్థంకాని వస్తువులు, ప్రాణాంతకమైన శక్తులు మిగిలాయి. దారిన పోయేవారు చెట్టు కింద ఆగి, తిని, తాగి, చెత్త వదిలేసి వెళ్లాక ఆ చెత్త చుట్టూ అడవిలోని పురుగులు చేరినట్టుగా మనుషులు అక్కడికి చేరారేమోనని ఒక పాత్ర అనుమానిస్తుంది. మనల్ని వారు ద్వేషించలేదు, కాపాడనూ లేదు. గమనించనే లేదు. ఈ నవల సోవియట్ దేశంలో పుస్తకంగా రావడానికి 1980 దాకా పట్టింది. రెండు అగ్రరాజ్యాల పోటీలో తమ ప్రమేయం లేకుండానే తలరాతలు మారిపోయిన ప్రజల మధ్య ఇటువంటి ఊహ మొలకెత్తడం యాదృచ్ఛికం అనిపించదు.

ఖాళీ అని రాసిన గడి

1975లో మైకేల్ హార్ట్, 1980లో ఫ్రాంక్ టిప్లర్ ఈ సమస్యకు కఠినమైన ముగింపు సూచించారు. ఉండి ఉంటే ఈపాటికి ఇక్కడే ఉండేవారు, లేరు కనుక అసలు ఎక్కడా లేరన్నది వారి తర్కం. అన్వేషణకు డబ్బు ఖర్చు చేయడం దండగ అన్న వాదనకు ఇది బలం చేకూర్చింది. 1992 అక్టోబరు 12న, కొలంబస్ అమెరికా తీరం చేరి 500 సంవత్సరాలు నిండిన రోజున, నాసా సంస్థ రేడియో అన్వేషణను భారీగా ప్రారంభించింది. ఏడాది తిరిగేసరికి అమెరికా కాంగ్రెస్ నిధులు నిలిపివేసింది. ఆ పని తరువాత ప్రైవేటు విరాళాల మీద సాగింది.

భౌతిక శాస్త్రవేత్త, కథకుడు కూడా అయిన డేవిడ్ బ్రిన్ 1983లో 'మహామౌనం' పేరిట ఒక శాస్త్ర వ్యాసం రాసి, అప్పటిదాకా వచ్చిన వివరణలన్నింటినీ వర్గీకరించి తూచారు. మరుసటి సంవత్సరమే 'ది క్రిస్టల్ స్ఫియర్స్' అనే కథలో మరో వివరణ కల్పించారు. జీవం ఉన్న ప్రతి నక్షత్రం చుట్టూ కంటికి కనిపించని స్ఫటిక గోళం ఉంటుంది. దానిని లోపలి నుంచే పగలగొట్టవచ్చు, బయటి నుంచి ఎవరూ చొరబడలేరు. సామ్రాజ్యాల చరిత్ర చదివిన రచయితకు, పసివారి లోకాలకు అటువంటి రక్షణ ఉంటే బాగుండునన్న కోరిక కలిగినట్టుంది.

1991లో అమెరికా రచయిత టెర్రీ బిసన్ సంభాషణ రూపంలో ఒక చిన్న కథ రాశారు. రెండు గ్రహాంతర జీవులు, బహుశా ఏదో సర్వే విభాగపు ఉద్యోగులు, భూమి గురించి చర్చించుకుంటారు. ఇక్కడి జీవులు ఆలోచిస్తారు గాని నిలువెల్లా మాంసమే, మెదడు కూడా మాంసమే అని తెలిసి వారికి రోత కలుగుతుంది. నిబంధనల ప్రకారం తెలివైన ప్రతి జాతినీ పలకరించి నమోదు చేసుకోవాలి. అనధికారికంగా మాత్రం రికార్డు చెరిపేసి, ఆ ప్రాంతం నిర్జనమని రాసేయడం మేలని నిశ్చయించుకుంటారు. మన మౌనం ఎవరి దస్త్రంలోనో ఒక ఖాళీ గడి అన్నమాట. నవ్వించే కథే. అయినా జనాభా లెక్కల్లో, భూముల పటాల్లో నిర్జనమని రాసిన చోట్ల ఎందరు మనుషులు బతికారో ఎరిగినవారికి ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతుంది.

చీకటి అడవి

నేడు అన్నిటికన్నా ఎక్కువగా వినిపిస్తున్న వివరణ చైనా నుంచి వచ్చింది. షాంసీ రాష్ట్రంలో ఒక విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసిన లియు త్సిషిన్ 2006లో 'మూడు వస్తువుల సమస్య' నవలను ధారావాహికగా, 2008లో దాని కొనసాగింపు 'చీకటి అడవి'ని ప్రచురించారు. మొదటి నవల ఆంగ్లానువాదం 2015లో హ్యూగో పురస్కారం పొందింది. ఉత్తమ నవలకు ఇచ్చే ఆ పురస్కారం ఒక అనువాదానికి దక్కడం అదే మొదటిసారి.

లియు తర్కం నిరాడంబరమైనది. ప్రతి నాగరికతకూ మొదటి అవసరం బతకడం. నాగరికతలు పెరుగుతూ ఉంటాయి, విశ్వంలోని పదార్థం మాత్రం పెరగదు. దూరాల వల్ల ఎదుటివారి ఉద్దేశం తెలుసుకోవడం అసాధ్యం. ఇవాళ బలహీనంగా ఉన్నవారు రేపు హఠాత్తుగా బలవంతులు కావచ్చు. కనుక ఎవరి ఉనికి బయటపడితే వారిని ముందే తుదముట్టించడం క్షేమం. విశ్వం ఒక చీకటి అడవి. అందులో ప్రతి జాతీ ఊపిరి బిగబట్టి నడిచే వేటగాడు. ఆకాశం నిశ్శబ్దంగా ఉన్నది ఎవరూ లేక కాదు, అందరూ దాక్కున్నందువల్ల. ఇటువంటి ఊహ గ్రెగ్ బేర్ 1987 నాటి 'ది ఫోర్జ్ ఆఫ్ గాడ్' వంటి నవలల్లో ముందే కనిపించినా, దానికి సూత్రబద్ధమైన రూపం ఇచ్చినది లియు.

ఆ తర్కం ఎక్కడి నుంచి వచ్చిందో గ్రహించడానికి మొదటి నవలను గమనించాలి. భూమి ఉనికిని నక్షత్రాలకు తెలియజేసే ఖగోళ శాస్త్రవేత్త యె వెన్‌జియె పాత్ర జీవితం 1967లో మలుపు తిరుగుతుంది. సాంస్కృతిక విప్లవపు ఉద్రేకంలో భౌతిక శాస్త్ర ఆచార్యుడైన ఆమె తండ్రిని నిండు సభలో కొట్టి చంపుతారు. తండ్రికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవారిలో తల్లి కూడా ఉంది. సమాధానం ఇవ్వవద్దని అవతలి నుంచి ఒక శాంతికాముకుడు హెచ్చరించినా, మనుషులు తమను తాము బాగుచేసుకోలేరన్న నిస్పృహతో ఆమె సమాధానం పంపుతుంది. పొరుగువాడి మౌనం ఏ అర్ధరాత్రి ఆరోపణగా మారుతుందో తెలియక, మాట పెగలని జీవితాన్ని గడిపిన ఒక తరం జ్ఞాపకం ఆ అడవి వెనుక ఉంది.

వెదురు పొదలో అతిథి

మన దేశంలో ఈ ప్రశ్న మరొక స్వభావంతో కనిపిస్తుంది. 1962లో సత్యజిత్ రాయ్ బెంగాలీ బాలల పత్రిక 'సందేశ్'లో 'బంకుబాబు మిత్రుడు' అనే కథ రాశారు. బంకుబాబు ఒక పల్లెటూరి బడిపంతులు, పరమ సాధువు. గ్రామ పెద్దల సాయంకాలపు సభలో అందరి పరిహాసాలకూ గురయ్యేది ఆయనే. గ్రహాంతరవాసులు ఉన్నారా అన్న చర్చ వచ్చినప్పుడు, వచ్చినా లండనుకో కలకత్తాకో వస్తారు గాని ఈ మారుమూల ఊరికి ఎందుకు వస్తారని వారి ఎద్దేవా. ఆ రాత్రే వెదురు పొదల మధ్య దిగిన నౌకలోంచి ఆంగ్ అనే జీవి వచ్చి బంకుబాబును పలకరిస్తాడు. ప్లూటోకు పోవలసినవాడు దారి తప్పి వచ్చాడు. అతడు ఆ బడిపంతులుకు లోకవింతలు చూపి, నోరు మూసుకుని పడి ఉండటం మంచితనం కాదని బోధించి వెళతాడు. ఇదే ఊహను రాయ్ 1967లో 'ది ఏలియన్' అనే చిత్రకథగా మలిచారు. క్లార్క్ ఈ ప్రయత్నాన్ని ప్రోత్సహించారు. అయినా ఆ చిత్రం నిర్మాణానికి నోచుకోలేదు.

వెల్స్ కథలో వచ్చినవాడు ఆక్రమణదారుడు, రాయ్ కథలో అతిథి. అన్నిటికన్నా మించి, అతడు వచ్చిన సంగతి ప్రపంచానికి తెలియలేదు. ఎందుకంటే అతడు కలుసుకున్నవాడి మాటను ఎవరూ లెక్కచేయరు. ఆకాశం మౌనంగా లేదేమో, కబురు విన్నవారికి సభలో గౌరవం లేదేమో అన్న సమాధానాన్ని మరెవరూ ఇంత నెమ్మదిగా చెప్పలేదు.

మరాఠీలో కథలు రాసిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ తన 'వామనుడు తిరిగి రాలేదు' నవలలో మరో దిక్కు చూపారు. భూగర్భంలో దొరికిన ఒక పెట్టె, మనకన్నా ముందే విజ్ఞానం సాధించి అంతరించిన నాగరికతది. తాము సృష్టించిన తెలివైన యంత్రమే ఆ జాతికి చేటు తెచ్చింది. 2025 మే నెలలో కన్నుమూసిన నార్లీకర్ ఈ అన్వేషణను కథలకే పరిమితం చేయలేదు. 2005 ఏప్రిల్ 20న హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తోడ్పాటుతో, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని సేకరించిన ప్రయోగానికి ఆయనే ప్రధాన పరిశోధకులు. హైదరాబాదులోని సీసీఎంబీలోనూ, పుణెలోని మరొక సంస్థలోనూ ఆ నమూనాలను పరీక్షించారు. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. వాటికి హాయిల్ పేరు, ఇస్రో పేరు, ఆర్యభటుని పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని నిర్ధారణ కాలేదని 2009లో ఫలితాలు ప్రకటించినప్పుడే స్పష్టం చేశారు. ఆశించినది దొరికిందని చెప్పుకోవాలన్న ఉబలాటాన్ని అదుపులో పెట్టుకున్న ఆ వాక్యం ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన క్రమశిక్షణ.

మనం ఎంచుకునే సమాధానం

1995లో సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహం కనిపించింది. 2025 సెప్టెంబరు నాటికి సౌరకుటుంబం వెలుపల ధ్రువపడిన గ్రహాల సంఖ్య 6,000 దాటింది. చోటు లేదన్న సమాధానం దీనితో చెల్లిపోయింది. అయితే వెతికామన్న మాట కూడా అంతగా చెల్లదు. జేసన్ రైట్, శుభమ్ కనోడియా, ఎమిలీ లూబర్ 2018లో వేసిన లెక్క ప్రకారం, భూమి మీది సముద్రాలన్నింటి నీటితో ఒక చిన్న ఈతకొలను నీటిని పోలిస్తే ఎంతో, వెతకవలసిన దానిలో మనం వెతికినది అంత. అంత నీటిలో చేప కనబడలేదని సముద్రంలో చేపలే లేవనడం తొందరపాటు.

అందుచేత ఈ కథలలో ఏది నిజమో తేల్చే స్థితిలో నేడు ఎవరూ లేరు. కానీ దేనిని నమ్ముతామన్న దానిని బట్టి మన ప్రవర్తన మారుతుంది. 1974 నవంబరులో ప్యూర్టోరికోలోని అరెసిబో దూరదర్శిని నుంచి, సుమారు 25,000 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర గుచ్ఛం వైపు మానవజాతి పరిచయ సందేశం పంపారు. బ్రిటన్ రాజఖగోళజ్ఞుడు మార్టిన్ రైల్ దానికి తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అడవిలో కేక వేయవచ్చునా అన్న వివాదం నాటి నుంచి ఆగలేదు. సంకేతం అందితే అంతర్జాతీయ సంప్రదింపులు జరగకుండా సమాధానం పంపరాదని 1989లో అంతర్జాతీయ ఖగోళయాన అకాడమీ ఒక నియమావళి ఆమోదించింది. దానికి చట్టబలం లేదు. భూమి తరఫున ఎవరు మాట్లాడాలి, ఏ భాషలో, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నలకు ఏ దేశపు చట్టసభా ఇంకా కూర్చుని సమాధానం చెప్పలేదు.

చీకటి అడవిని నమ్మినవారు దాక్కోమంటారు. సంరక్షకులను నమ్మినవారు వేచి ఉండమంటారు. ఎవరూ లేరని నమ్మినవారు ఈ ఒక్క భూమినీ ఇంకెంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆలోచించాలి. ఈ మూడు సలహాలూ నక్షత్రాలకన్నా ముందు ఇరుగుపొరుగు దేశాల మధ్య, ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య పరీక్షకు నిలుస్తాయి. మౌనంగా ఉన్న పొరుగువాడిని చూసి, అతడు పొంచి ఉన్నాడనుకోవడమా, మన మాట అతడికి అర్థం కాలేదనుకోవడమా, అతడు చెప్పినది మనం వినలేదనుకోవడమా? వెదురు పొదల మధ్య బంకుబాబు చేసినట్టు, భయపడినా నిలబడి బదులు పలికినవాడికే ఆ రాత్రి ఒక మిత్రుడు దొరికాడు.